అయిదు పాయింట్ల దగ్గరే ఆగిపోతున్నాను, ఆడటం మానేయనా?

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 34. గాజువాక వైపు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఏడాదిన్నరగా ప్రతి రెండో శనివారం రాత్రి ఈమె, భర్త కలిసి సీతమ్మధారలో ఉండే భర్త స్నేహితుడి ఇంటికి వెళ్తున్నారు. ఆ స్నేహితుడి భార్యని ఈమె ‘అక్క’ అంటారు. భోజనాలయ్యాక నలుగురూ బోర్డు పరుచుకుని కూర్చుంటారు. ఎక్కువగా కటాన్, అప్పుడప్పుడు రిస్క్ అనే యుద్ధాల ఆట. కబుర్లతో, తిండితో కటాన్ మూడు గంటలు పడుతుంది. రిస్క్ అయితే రాత్రి ఒంటిగంట దాటిన రోజులున్నాయట.

కటాన్ తెలియని వాళ్ళ కోసం ఒక ముక్క. జర్మనీలో క్లౌస్ టాయిబర్ తయారుచేసిన ఈ ఆట 1995లో వచ్చింది. ఇటుక, కలప, గొర్రె, గోధుమ, ఓర్ (ముడి ఖనిజం) కార్డులు సంపాదించుకుంటూ ఒక దీవి మీద రోడ్లు, సెటిల్‌మెంట్లు, సిటీలు కట్టుకుంటూ పోవాలి. దీవి ముక్కల మీద అంకెలుంటాయి; పాచికలకి ఆ అంకె పడితే పక్కన కట్టుకున్నవాళ్ళకి ఆ సరుకు వస్తుంది. ముందుగా 10 పాయింట్లు వచ్చిన వాళ్ళు గెలిచినట్టు.

“మొదటి గంట బాగానే ఉంటుందండీ. తర్వాత ఎవరో ఒకరు 7 పాయింట్లకి వెళ్ళిపోతారు, నేను 4 దగ్గర ఉంటాను. ఇక అక్కడి నుంచి నా వంతు వస్తే పాచికలు వేసి పక్కవాళ్ళకి తోసేయడమే. మిగతా టైమంతా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. ఇన్నాళ్ళలో రెండుసార్లే గెలిచాను” అని రాశారు.

కిందటి శనివారం భర్తకి 9, అక్కకి 9, ఈమెకి 5 అట. వంతు అక్కది. ఆ తర్వాత ఈమెది, ఆ తర్వాత భర్తది. “నా వంతు రాగానే ఆట అయిపోయింది, సర్దేసుకోండి” అన్నారట భర్త. ఈమె చేతిలో 3 ఓర్, 1 కలప ఉన్నాయి. ఒక్క గొర్రె తీసుకుని ఆ మూడు ఓర్‌లూ అక్క చేతిలో పెట్టేశారు. అక్క సిటీ కట్టి 10 చేసేసింది. అప్పుడు భర్త అందరి ముందూ, “ఆడటం రాకపోతే ఊరుకో, ఆట చెడగొట్టకు” అన్నారు. ఇంటికెళ్ళేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. మూడు రోజులయ్యాక ఆయన “ఏదో అనేశాలే” అన్నారు గానీ ఈమె మనసు కుదుటపడలేదు.

అడిగినవి మూడు: వెనకబడ్డాక మళ్ళీ ఆటలోకి రావడం ఎలా? నేను చేసింది తప్పా? వెళ్ళడం మానేస్తే గొడవ ఉండదు కదా?

అమ్మా, మీ ఉత్తరంతో పాటు ఆఖరి వంతుకి బోర్డు ఎలా ఉందో పెన్సిల్‌తో గీసి పంపారు. చాలా మంచి పని చేశారు. మా ఇంట్లో పెట్టె అటక మీంచి దింపి, మీ బొమ్మ ప్రకారం డైనింగ్ టేబుల్ మీద అంతా పేర్చాను. ఎర్రవి మీవి, నీలం మీవారివి. పేర్చడం అయ్యాక ఎర్ర రోడ్ల దగ్గర నా చెయ్యి ఆగింది.

మీ రోడ్లు రెండు ముక్కలుగా ఉన్నాయి. ఒకవైపు వరసగా నాలుగు, ఇంకోవైపు రెండు. మధ్యలో ఒక్క రోడ్డు పట్టే జాగా ఖాళీ. అక్కడ ఎవరి సెటిల్‌మెంటూ లేదు. ఆ జాగాలో ఒక్క కర్ర పెడితే మీది ఏడు రోడ్ల వరస అవుతుంది. అందరికన్నా పొడవైన రోడ్డున్నవారికి దక్కే ‘లాంగెస్ట్ రోడ్’ కార్డు మీవారికి ఆరు రోడ్ల మీద వచ్చింది. అంటే అది మీ దగ్గరికి వచ్చేస్తుంది. ఆ కార్డుకి 2 పాయింట్లు. ఆయన 9 నుంచి 7కి దిగుతారు, మీరు 5 నుంచి 7కి ఎక్కుతారు.

రోడ్డుకి ఒక ఇటుక, ఒక కలప కావాలి. కలప మీ చేతిలోనే ఉంది. ఇటుక లేదు. కానీ మీ బొమ్మలో కుడివైపు మూల మీ సెటిల్‌మెంట్ పోర్టు మీద ఉంది. మూడు ఒకే రకానివి ఇస్తే కావలసినది ఒకటి ఇచ్చే పోర్టు అది. 3 ఓర్ ఇస్తే 1 ఇటుక. రోడ్డు పడేది. అక్క తర్వాత వంతు మీదే కాబట్టి మీవారు పాచికలు పట్టుకునే లోపే ఇదంతా అయిపోయేది. ఓర్ లేక అక్క 9 దగ్గరే ఆగి ఉంటే, ఆట 9, 7, 7 అయ్యేది.

ఆ తర్వాత మీరే గెలిచేవారని నేను అనను. అక్కే గెలిచి ఉండొచ్చు. కానీ మీరు గొర్రె ఒక్కటి తీసుకుని ఇచ్చేసిన ఆ మూడు కార్డులే మిమ్మల్ని ఆటలోకి తీసుకొచ్చేవి. మీకు ఆడటం రాకపోతే ఆ బోర్డు అంత వివరంగా గుర్తుపెట్టుకుని గీయలేరు. ఖాళీ జాగా కూడా మీరే గీశారు. ఆ రాత్రి అది మీ కంట పడలేదు, ఎందుకంటే అప్పటికి గంట నుంచీ మీరు బోర్డు చూడటం మానేశారు. ‘పాచికలు వేసి తోసేయడమే’ అన్నది మీ మాటే కదా.

ఓడిపోతున్న వాళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఇదే. పాయింట్లలో ఓడిపోవడానికి చాలా ముందే మనసులో ఓడిపోతారు. ఆ మధ్యలో ఉన్న గంటన్నరే అసలు కోలుకునే సమయం. అది ఫోన్లో పోతోంది.

కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

వెనకబడ్డాక ముందు చేయవలసింది లెక్క. మీరు అకౌంట్స్ మనిషి, మీకు చెప్పక్కర్లేదు. ప్రతి రౌండుకీ నలుగురి పాయింట్లూ లెక్కపెట్టండి. అందులో ఏవి కదిలేవి, ఏవి కదలనివి అని విడదీయండి. సెటిల్‌మెంట్లు, సిటీలు కదలవు. లాంగెస్ట్ రోడ్, లార్జెస్ట్ ఆర్మీ చేతులు మారతాయి. ఒక్కోదానికి 2 పాయింట్లు, కానీ ముందున్నవారి నుంచి లాక్కుంటే మీ మధ్య తేడా ఒక్కసారిగా 4 తగ్గుతుంది. సెటిల్‌మెంట్లు కట్టుకుంటూ పోతే అదే 4 తగ్గించడానికి నాలుగు కట్టాలి, అదీ అవతలివారు కదలకుండా కూర్చుంటే. అందుకే వెనకున్నవాళ్ళు ముందువాళ్ళ దారినే పోతే అందుకోలేరు.

మీరు అన్నిసార్లూ అదే చేస్తున్నారని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. ‘ఇంకో సెటిల్‌మెంట్ కడదామంటే జాగా ఉండదు’ అని మూడుచోట్ల రాశారు. జాగా లేనప్పుడు డెవలప్‌మెంట్ కార్డులు కొనండి. ఒక ఓర్, ఒక గోధుమ, ఒక గొర్రె చాలు. గొర్రెలు మీ దగ్గర ఎప్పుడూ మిగిలిపోతుంటాయన్నారు కదా, వాటికీ దారి దొరుకుతుంది. మొత్తం 25 కార్డుల్లో 14 నైట్‌లు (సైనికుల కార్డులు), 5 నేరుగా పాయింటు ఇచ్చేవి. మూడు నైట్‌లు వాడితే లార్జెస్ట్ ఆర్మీ. పాయింటు కార్డులు ఎవరికీ కనపడవు, కాబట్టి మీరు 6 దగ్గర ఉన్నట్టు అందరికీ కనిపిస్తూనే 8 దగ్గర ఉండొచ్చు. వెనకున్న మనిషికి ఇంతకన్నా పనికొచ్చేది ఆ పెట్టెలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక రాబర్, అంటే 7 పడ్డప్పుడల్లా చోటు మార్చే దొంగ బొమ్మ. వాడు కూర్చున్న చోట సరుకు రాదు. ‘నా 8 మీద ఎప్పుడూ రాబర్ కూర్చుంటాడు, నేనేం మాట్లాడను’ అని రాశారు. ఎందుకు మాట్లాడరు? రెండు పాచికలతో వచ్చే 36 రకాల్లో 7 ఆరుసార్లు వస్తుంది, 6, 8 అయిదేసిసార్లు. అంటే నలుగురి ఆటలో దాదాపు రెండు రౌండ్లకోసారి 7 పడుతుంది, రాబర్ కదులుతూనే ఉంటాడు. మీ 8 మీద వాడు రెండు మూడు రౌండ్లు కూర్చున్నాడంటే మీ వ్యాపారం మూతపడ్డట్టే. 4 పాయింట్ల మనిషి మీద రాబర్‌ని పెట్టడం పెట్టేవాళ్ళకే నష్టం. ఆ సంగతి నోరు తెరిచి చెప్పాలి. “ఆయనకి 7, నాకు 4. నన్ను ఆపితే మీకేం వస్తుంది?” అనండి. బతిమాలడం కాదిది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళకి లెక్క గుర్తుచేయడం.

బేరాలూ అంతే. ముందున్న మనిషితో కార్డులు మార్చుకోవడానికి అందరూ జంకుతారు. మీతో మార్చుకోవడానికి జంకరు, మీరు ప్రమాదం కాదు కాబట్టి. వెనకబడటంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇది. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కొనేటప్పుడు మీరు మొదట చెప్పిన ధరకే ఇచ్చేస్తారా? ఇక్కడా అంతే, ఒకటికి ఒకటి కాదు, ఒకటికి రెండు అడగండి. ఇస్తారు. ముందున్నవారితో మాత్రం చేయకండి.

ఇంకోటి, తెగించడం గురించి. ఆఖరి ఓవర్లలో ఓవర్‌కి పద్నాలుగు కావలసినప్పుడు సింగిల్స్ తీస్తూ కూర్చుంటే వికెట్ మిగులుతుంది, మ్యాచ్ పోతుంది. ముందున్నవాళ్ళు జాగ్రత్తగా ఆడాలి, వెనకున్నవాళ్ళు తెగించాలి. మీరు అటుదిటు చేస్తున్నారు. మొదట్లో పాచిక అరుదుగా పడే అంకెల మీద సెటిల్‌మెంట్ పెట్టి తెగిస్తున్నారు (12 మీద పెట్టానని రాశారు, అది 36లో ఒక్కసారే), వెనకబడ్డాక బిగుసుకుపోతున్నారు. అంకెల కింద చుక్కలుంటాయి చూడండి, మొదటి రెండు సెటిల్‌మెంట్లూ పెట్టేముందు ఆ చుక్కలు కూడండి. అసలు వెనకబడకుండా ఉండటానికి సగం మందు అక్కడే ఉంది.

రిస్క్ ఆట సంగతి వేరు. అందులో బలహీనపడ్డవాళ్ళ చేతిలో కార్డులు పోగైతే వాళ్ళే మిగతావాళ్ళకి వేట అవుతారు, ఎందుకంటే వాళ్ళని పూర్తిగా తుడిచిపెట్టిన వాళ్ళకి ఆ కార్డులన్నీ దక్కుతాయి. అక్కడ చిన్నగా, ఓ మూల, కార్డులు పోగుచేయకుండా ఉండటమే మేలు. ఆస్ట్రేలియా లాంటి చోట నాలుగు దేశాలు పట్టుకుంటే రౌండుకి 2 సైన్యాలు అదనంగా వస్తాయి, కాపు కాయాల్సిన దారి ఒక్కటే. అయినా ఒకసారి ఔటైతే ఇక చేసేదేమీ ఉండదు, కూర్చోవడమే. ఆ ఆట మీద నాకు అంత ప్రేమ లేదు.

ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో రాత్రిళ్ళు అందరూ కింద సెల్లార్‌లో చాప పరిచి, కొవ్వొత్తి పెట్టుకుని ‘బిజినెస్’ ఆడేవారు. ఏడో తరగతి చదివే కుర్రాడొకడు ముప్పావుగంటలోనే దివాలా తీశాడు. ఫోన్లలో ఛార్జింగ్ కూడా లేని రోజులు. మిగతా రెండు గంటలూ కొవ్వొత్తి కారిన మైనం గోరుతో గీకుతూ కూర్చున్నాడు. మర్నాడు పిలిస్తే కిందికి రాలేదు. ఓడినందుకు కాదు, తనతో ఎవరికీ పని లేకుండా కూర్చోవలసి వచ్చినందుకు. మీ ఉత్తరంలో ఆ కుర్రాడే కనిపించాడు నాకు.

రెండో ప్రశ్నకి వస్తాను. మీరు చేసింది తప్పా?

రూల్ ప్రకారం తప్పు లేదు. కటాన్‌లో కార్డులు ఊరికే ఇవ్వకూడదు, కానీ మీరు గొర్రె తీసుకున్నారు. అయితే రూల్ గురించి కాదు మీ బాధ. ‘నేను గెలవకపోయినా ఫర్వాలేదు, ఆయన మాత్రం గెలవకూడదు అనిపించింది’ అని మీరే నిజాయితీగా రాశారు. ముందున్నవారిని ఆపడం ఆటలో భాగం. మీ ఆట కోసం ఆపితే అది ఎవరూ తప్పుపట్టలేరు. ఆయన మీద కోపంతో గెలుపు ఇంకొకరి చేతిలో పెడితే మాత్రం మూడు గంటలు కష్టపడి ఆడిన ఇద్దరి ఆటా పోతుంది. ఆయనది పోయింది. అక్కది కూడా పోయింది. ‘అక్క కూడా గెలిచినట్టు మొహం పెట్టలేదు’ అన్న వాక్యం రాశారు చూడండి, దాన్ని ఇంకోసారి చదువుకోండి.

అందుకని ఆ పని మీద నేను మీ పక్షాన నిలబడను. కానీ మీవారన్న మాట విషయంలో మీ పక్షానే నిలబడతాను. మీ చేత ఓర్ ఇప్పించింది పాయింట్ల తేడా కాదు, ‘సర్దేసుకోండి’ అన్న మాట. దానికి ముందు ఏడాదిన్నరగా అలాంటి మాటలు ఇంకెన్ని విన్నారో మీరు రాయలేదు, నాకు తెలుస్తూనే ఉంది. పరాయివాళ్ళ ఎదుట భార్యని ‘ఊరుకో’ అనడం ఆట గొడవ కాదు. అది ఇంటి విషయం, ఇంట్లోనే తేల్చుకోవాలి.

ఆయనతో ఎప్పుడు మాట్లాడతారన్నది ముఖ్యం. శనివారం కారెక్కేముందు వద్దు. మధ్యలో ఓ సాయంత్రం బీచ్ రోడ్డు వైపు నడుచుకుంటూ వెళ్ళండి, ముంత మసాలా పొట్లం కట్టించుకుని గోడ మీద కూర్చోండి. ముందు మీ వైపు తప్పు చెప్పేయండి: “నీ మీద కోపంతోనే ఇచ్చాను, అది ఆట కాదు.” ఆ తర్వాత ఆయన అన్న మాట ఆయనకి అక్షరం పొల్లుపోకుండా అప్పగించండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టారంటే ఏడాదిన్నర లెక్కలూ బయటికొస్తాయి, ఈ ఒక్క మాటా అందులో కొట్టుకుపోతుంది. ఆయన వింటే సరే. నవ్వి తీసిపారేస్తే, మీరు మూడో ప్రశ్నకి జవాబు వేరేగా ఆలోచించుకోవాలి.

ఆ మూడో ప్రశ్న, మానేయడం. మానేయొచ్చు. ఎవరూ బలవంతం చేయరు. కానీ ఇప్పుడు మానేస్తే ‘ఆడటం రాదు’ అన్న మాటే నిలబడిపోతుంది, మీ మనసులో కూడా. పైగా రెండో శనివారాలు ఆయన ఒక్కరే వెళ్తారు, మీరు ఇంట్లో ఉంటారు, అక్కతో స్నేహం పలచబడుతుంది. ఆ ఇంటికి మీరు వెళ్ళేది ఆట కోసమే కాదని ఉత్తరం నిండా తెలుస్తోంది. వాళ్ళ డాబా మీద నుంచి కైలాసగిరి దీపాలు చూస్తూ టీ తాగడం గురించి అరపేజీ రాశారు. ఒకటి రెండుసార్లు విరామం తీసుకుని, వెళ్ళి ఆడకుండా కూర్చోవడం ఇంకో దారి. అది మాత్రం చేయకండి. మైనం గీకుతూ కూర్చోవడమే అది.

నాకు నచ్చిన దారి వేరు. ఆట ఏర్పాటే మార్చమని నలుగురిలో అడగండి. మూడు గంటల ఒక్క ఆట బదులు గంటంపావు చొప్పున రెండు ఆటలు. తిండి మధ్యలో కాకుండా ముందే ముగించి, వంతుకి రెండు నిమిషాలని పెట్టుకుంటే కటాన్ గంటా గంటంపావులో అయిపోతుంది. మొదటిది పోయినా రెండోదానికి అందరూ సున్నా నుంచి మొదలు. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ పోటీల మొదటి రౌండే ఓడిపోయింది. తర్వాత పది రౌండ్లున్నాయి, ప్రతిదీ కొత్త బోర్డు. 11 రౌండ్లకి 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది. ఆ పదకొండూ కలిపి ఒకే ఆట అయితే మొదటి దెబ్బ చివరిదాకా బోర్డు మీదే ఉండేది. మీకు ఇప్పుడు జరుగుతున్నది అదే. దీనివల్ల నష్టం కూడా చెప్పాలి: నెమ్మదిగా, కబుర్లాడుతూ ఆడటం ఇష్టమైన వాళ్ళకి గడియారం చిరాకు. మీవారి స్నేహితుడు అలాంటి మనిషేనని రాశారు కాబట్టి ఆయన ముందు ఒప్పుకోకపోవచ్చు.

లేదంటే ఆటే మార్చండి. పవర్ గ్రిడ్ అని 2004లో వచ్చిన ఆట ఉంది. ఊళ్ళకి కరెంటు ఇచ్చే ఆట. అందులో ఎక్కువ ఊళ్ళున్న మనిషి బొగ్గు, చమురు అందరికన్నా చివర కొనాలి, అప్పటికి ధర పెరిగిపోయి ఉంటుంది. వెనకున్నవారు చవగ్గా కొనుక్కుని ముందుగా జాగా చూసుకుంటారు. చూసిచూసి కొందరు కావాలనే వెనకుండి చివర్లో దూకుతారు. లెక్కలు ఎక్కువ, మీకు బాగా నప్పుతుంది. కానీ అదీ రెండు గంటల ఆటే, మొదటిసారి రూల్స్‌కే అరగంట పోతుంది.

ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. మా చిన్నప్పుడు చింతపిక్కలతో వామనగుంటలు ఆడేటప్పుడు, ఓడినవాళ్ళు పక్కకి జరిగేవాళ్ళు కాదు. మిగిలిన పిక్కలు ఎన్ని గుంటలకి సరిపోతే అన్నే నింపుకుని, మిగతావి ఖాళీగా వదిలి తర్వాత ఆట మొదలుపెట్టేవాళ్ళు. ఏడు గుంటల్లో మూడే మిగిలినా చెయ్యి ఆడుతూనే ఉండేది. పోయిన గుంటలు ఒక్కోసారి తిరిగొచ్చేవి కూడా.

ఏది ఎంచుకున్నా, శనివారం లోపు అక్కకి ఒక ఫోన్ చేయండి. ఆ రాత్రి ఆవిడ 9 దాకా సొంతంగా వచ్చింది, ఆ సంగతి గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. “నీ ఆట నేను పాడుచేశాను” అని ఒక్క మాట అనండి. కావాలంటే ఆ ఖాళీ జాగా సంగతి కూడా చెప్పండి.